ఆపేశాను బావా

లిఫ్టు పైకప్పు మీదికి అడుగు వేయబోతూ, తల పైకెత్తి కేకేశాను.

"ఆపావురా?"

పైనున్న మిషను గదిలోంచి, ఇనుప తాళ్లు దిగే రంధ్రం గుండా, నా బావమరిది గొంతు వచ్చింది. "ఆపేశాను బావా. ఇక కాళ్లు చాపుకుని పడుకో."

ఏళ్ల తరబడి మా పని ఇలాగే సాగింది. ఒకరు పైన మెయిన్ స్విచ్ ఆపాలి. రెండోవారు కిందనుంచి అడగాలి. జవాబు విన్నాకే ఆ బావిలాంటి చీకట్లోకి కాలు పెట్టాలి. స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి లోపలికి దిగేవాడి జేబులో ఉండాలన్నది కంపెనీ నియమం. మేం దాన్ని ఏనాడూ పాటించలేదు. బావా బావమరుదుల మధ్య తాళం పెట్టుకోవడమంటే ఒకరినొకరు దొంగల్లా చూసుకున్నట్టు అనిపించేది.

నా కాలు ఇంకా గాలిలోనే ఉంది. లిఫ్టు కిందికి జారిపోయింది.

కింద ఎవరో బటన్ నొక్కారు, అంతే. తలుపు తెరిచి ఉన్నప్పుడు లిఫ్టు కదలకూడదు. కానీ ఆ అంతస్తులో అలా ఆపే భాగమే పాడైంది, దాన్ని బాగుచేయడానికే మేం వచ్చాం. తలుపు చట్రాన్ని రెండు చేతులా కరుచుకుని నిలబడిపోయాను. ఇనుప తాళ్లు నా ముఖం ముందు నుంచి చప్పుడు లేకుండా పరుగెడుతున్నాయి. ఆ నొక్కిన మనిషెవరో గాని చల్లగా ఉండాలి. ఇంకొక్క క్షణం ఆగి నొక్కి ఉంటే నా బరువంతా ఆ కాలి మీద ఉండేది.

మెట్లెక్కి పైకి వెళ్లాను. బావమరిది స్టూలు మీద కూర్చుని పనిముట్ల సంచి సర్దుతున్నాడు.

"అప్పుడే అయిపోయిందా? వయసు మీద పడ్డా నీ చేయి చురుకే బావా."

స్విచ్ వైపు వేలు చూపించాను. అది వేసే ఉంది. వాడు చూశాడు. పెదవుల మీద నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం మారిపోయాయి.

"నేను ఆపాను. ఒట్టు బావా. టక్కుమన్న చప్పుడు కూడా విన్నాను."

వాడు అబద్ధం చెప్పడం లేదు. నాకు భయం వేసింది అందుకే.

ఇంట్లో మేం వాడిని పిచ్చుక అంటాం. నా భార్య పెట్టిన పేరది. చిన్నప్పుడు తమ్ముడి కాలు ఒకచోట నిలిచేది కాదట. ఆమె పోయాక నాకు నా వాళ్లంటూ మిగిలింది వాడూ, నేను చెల్లెమ్మా అని పిలిచే వాడి భార్యా. పోయిన చలికాలం వైరస్ జ్వరం వాడి ఊపిరితిత్తులకు పాకింది. గొంతులో గొట్టం పెట్టి, రోజుల తరబడి మత్తులో ఉంచారు. చావు అంచు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. పరీక్షలన్నీ బాగున్నాయని చెప్పి ఇంటికి పంపారు. జబ్బుకు ముందు లోపలికి దిగేది వాడే, పైన ఉండేది నేను. ఇప్పుడు వాడికి లేచి నిలబడితే గుండెదడ, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అందుకే వాడిని స్విచ్ దగ్గర కూర్చోబెట్టి నేను దిగుతున్నాను. కూర్చుని చేసే పని కదా, తేలిక అనుకున్నాను.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వాడు సోఫాలో వాలి, బూట్లు విప్పకుండానే నిద్రపోయాడు. చెల్లెమ్మ వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"ఏమైనా జరిగిందా అన్నయ్యా?"

"ఏం లేదమ్మా."

"మీకు దాచడం చేతకాదు. వదిన ఎప్పుడూ అనేది." పొయ్యి వైపు చూపించింది. "మొన్న పాలు పెట్టి, దింపేశానని నాతో చెప్పి స్నానానికి వెళ్లాడు. గిన్నె నల్లగా మాడిపోయింది. అడిగితే దింపానని నా మీదే ఎగిరాడు. తర్వాత బాత్రూంలో ఏడుస్తుంటే విన్నాను. నాకు భయంగా ఉందన్నయ్యా. మనిషి వచ్చాడు గాని, పూర్తిగా రాలేదేమో అనిపిస్తోంది."

మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ ఓపికగా వింది. ఆ ఓపికకే ఆవిడకు దండం పెట్టాలనిపించింది.

"ఈ జబ్బు నుంచి కోలుకున్న కొందరికి ఇలా నెలల తరబడి ఉంటోంది," అంది. "అలసట, దడ, ఆలోచన మధ్యలో తెగిపోవడం. ఇది మీ బద్ధకమూ కాదు, భ్రమా కాదు. చాలామందికి మెల్లగా తగ్గుతుంది. ఎప్పటికి అంటే నేను చెప్పలేను. ఒంటిచేత బలవంతంగా పని చేయించకండి. ఇంతకీ మీరేం పని చేస్తారు?"

"స్టోరు గదిలో కూర్చుంటానండీ," అన్నాడు పిచ్చుక.

నేను నోరు తెరవలేదు.

బయటికి రాగానే నా మోచేయి పట్టుకున్నాడు. "సూపర్‌వైజరుకు చెప్పకు బావా. ఈ పని తప్ప నాకేం వచ్చు? ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే ఉన్న మతి కూడా పోతుంది."

"మరి నా ప్రాణం సంగతేమిట్రా?"

"తాళం వేద్దాం. కంపెనీ చెప్పినట్టే. చెవికి దారం కట్టి నీకు దింపుతాను. అది నీ చేతికి వస్తేనే అడుగు పెట్టు."

సరేనన్నాను. స్విచ్ కిందికి దించితే తప్ప దానికి తాళం పట్టదు. తాళం పడితే తప్ప చెవి ఊడిరాదు. వాడి మతి తప్పినా ఇనుము తప్పదనుకున్నాను.

కొన్నాళ్లు బాగానే గడిచింది. నేను అడిగేవాణ్ని, వాడు ఆపేశాననేవాడు, ఇనుప తాళ్ల పక్కనుంచి ఎర్ర దారం వణుకుతూ దిగేది. చెవి జేబులో వేసుకున్నాక కూడా పైకప్పును పాదంతో తట్టి చూసుకునేవాణ్ని.

"అనుమానం మొగుడిలా తయారయ్యావు బావా," అని పైనుంచి వెక్కిరించేవాడు.

"నీలాంటి పెళ్లాం దొరికితే ఎవడైనా ఇంతేరా."

వాడు నవ్వేవాడు. ఆ నవ్వు వింటే కాసేపు గుండె కుదుటపడేది.

తర్వాత ఒక ఆఫీసు భవనంలో పని పడింది. తలుపు తెరిచి, ఆపావురా అన్నాను.

"ఆపేశాను బావా. పడుకో."

దారం దిగింది. చెవి అందుకున్నాను. జేబులో వేసుకుంటూ ఉంటే వేలికి ఏదో మెత్తగా తగిలింది. తీసి వెలుగులో చూశాను. నీలం ఊలుతో అల్లిన చిన్న కుచ్చు. చెల్లెమ్మ అల్లింది. అది వాళ్లింటి తాళంచెవి.

కాలు వెనక్కి తీసుకున్నాను. తలుపు మూసేసి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాను. లిఫ్టు కదలలేదు. ఆ రోజు కింద ఎవరికీ తొందర లేదు.

పైకి వెళ్లేసరికి స్విచ్ వేసే ఉంది. తెరిచిన తాళంకప్ప దాని పక్కనే కొక్కేనికి వేలాడుతోంది, చెవి అందులోనే ఉంది. పిచ్చుక దారం ఉండను బుద్ధిగా చుడుతున్నాడు. నేను వాళ్లింటి చెవిని వాడి అరచేతిలో పెట్టాను.

చాలాసేపు దాన్నే చూశాడు. కుచ్చును వేలితో నిమిరాడు.

"తాళం వేశాను బావా," అన్నాడు నెమ్మదిగా. "ఇప్పుడు కూడా నాకు వేసినట్టే గుర్తుంది. ఇంకెన్ని ఇలా గుర్తున్నాయో నాకు." నా వైపు తిరిగాడు. "నువ్వు అడుగు వేసి ఉంటే, నేను ఇక్కడ జోకులేస్తూ కూర్చునేవాణ్ని కదా?"

నేను వాడి పక్కన కూర్చున్నాను. అదే నా జవాబనుకున్నాడేమో, తల దించుకున్నాడు.

"పద బావా. సూపర్‌వైజరుకు చెబుదాం. నాకు నోరు రాకపోతే నువ్వు చెప్పు."

లిఫ్టు ఎక్కమన్నాను. వద్దన్నాడు. మెట్ల మీదుగానే దిగాం, నా భుజం పట్టుకుని, ప్రతి మలుపు దగ్గరా ఆగుతూ. సూపర్‌వైజరు నోటిదురుసు మనిషి. ఆ రోజు మాత్రం మా మాట వినకముందే వాడి ముఖం చూసి, తన కుర్చీ లాగి వేశాడు. విన్నాక నన్ను మాత్రం చెడామడా తిట్టాడు. పడ్డాను. వాడికి సెలవు రాశాడు. తిరిగి తీసుకుంటానని అనలేదు, తీసుకోననీ అనలేదు.

ఇప్పుడు నాతో పైన ఉండేది కొత్త మనిషి. తాళం నేనే వేసుకుని, చెవి నా జేబులో వేసుకుని దిగుతాను.

చెల్లెమ్మ పనికి వెళ్లాక పిచ్చుక ఇంట్లో ఒక్కడే ఉంటాడు. టీ పెట్టుకునే వేళకు ఫోను చేస్తాను.

"పొయ్యి ఆపావురా?"

"ఆపేశాను బావా," అంటాడు, అదే గొంతుతో, అదే ధీమాతో. వెళ్లి చూడకుండా ఆ మాటతోనే ఆగిపోతాడేమోనని నాకు రోజూ భయమే.

తర్వాత వాడే అంటాడు. "ఉండు. వెళ్లి చేత్తో ముట్టుకుని చూసొస్తాను."

వాడి అడుగుల చప్పుడు వంటింటి వైపు వెళ్తుంది. మధ్యలో ఆయాసానికి ఆగుతుంది. మళ్లీ కదులుతుంది. నేను ఫోను చెవికి గట్టిగా అదుముకుని, వాడు తిరిగి వచ్చేదాకా వింటూనే ఉంటాను.