గాలి కబురు

కర్నూలు రాజధానిగా ఉన్న కాలంలో మా కోడలు గురమ్మకు పేగు మెలిక పడింది. కొడుకు పనులకు వలసపోయి ఉన్నాడు. కోసిగి నుంచి నేనే కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాను.

గాబ్రియేలు డాక్టరు కడుపు కోసి, మెలిక విప్పి, కుట్లు వేశాడు. ఆ తర్వాత పొద్దునా సాయంత్రమూ వచ్చి ఒకటే మాట అడిగేవాడు.

"గాలి పోయిందామ్మా?"

గురమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, లేదని తల ఊపేది. నేను మంచం పక్కనే కూర్చుని ఉండేవాణ్ణి.

మూడోనాటికి డాక్టరు ముఖం నల్లబడింది. గురమ్మ కడుపు ఇంకా కొంచెం ఉబ్బుగానే ఉంది. నన్ను వసారాలోకి పిలిచాడు.

"పెద్దాయనా, గాలి పోలేదంటే పేగు కదల్లేదని అర్థం. పొద్దుగూకేలోపల మళ్లీ కోయాల."

"తట్టుకుంటాదా సారూ?"

ఆయన వసారా గోడకు ఆనుకున్నాడు.

"పోయిన నెల ఒకాయన తట్టుకోలేదప్పా. అప్పట్నించి నాకు కూడు దిగడంలేదు. ఈ బిడ్డ గూడా పోతే నేనింక కత్తి పట్టను. మా ఊరికి పోయి మడక పట్టి చేను దున్నుకుంటా."

"మడక గూడా తేలిక కాదు సారూ" అన్నాను. నాకు తెలిసింది అదొక్కటే.

ఇంతలో నర్సు రాహేలమ్మ గురమ్మను సిద్ధం చేయడానికి లోపలికి పోయింది. కాసేపటికి లోపల నవ్వు వినిపించింది. రాహేలమ్మ కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"కత్తి పెట్టేయండి సారూ. నిన్న పొద్దున్నించీ పోతానే ఉండాదంట."

"మరి నేనడిగితే లేదనె గదమ్మా?"

"మామ పక్కన్నే కూచోనుంటే యెట్ల చెప్పేదక్కా అంటాంది."

డాక్టరు లోపలికి పోయి, కడుపు మీద గొట్టం పెట్టి శానాసేపు విన్నాడట. వచ్చి మెట్టు మీద కూలబడ్డాడు.

"గుడగుడమంటాంది. నువ్వు ముందే ఈడ బయట కూచోనుంటే సరిపోయేది గదప్పా."

"నాకెవురు చెప్పినారు సారూ?"

ఆయన నవ్వాడు. నవ్వగా నేను చూడటం అదే మొదలు.

"ఇన్నేండ్లు చదివింది యీ కబురు వినేకే పెద్దాయనా."

నా మూటలో జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి ఉంటే ఇచ్చాను. తిన్నాడు. ఇంకొకటి అడిగి తీసుకున్నాడు.

"మడక సంగతి?" అన్నాను.

"నువ్వే దున్నుకోప్పా."

ఆ సాయంత్రం గురమ్మకు గంజినీళ్లు పోశారు. నేను వార్డు గుమ్మానికి ఇవతలే కూర్చున్నాను.