దోమతెర కట్టిన ఉల్లి సాళ్లు

జీవమ్మ నీళ్ల ట్యాంకు కింద బిందె వదిలేసి పరుగెత్తిన రోజుకు నా ఉల్లి పూత సగమే విచ్చింది.

మా ఊరి ట్యాంకు అడుగున ఏటా మాఘంలో పెద్ద తేనెపట్టు పడుతుంది. చేటంత ఉంటుంది. ఎండలు ముదిరితే ఆ ఈగలు వాటంతట అవే లేచిపోతాయి. ఈసారి ఎవరో రాయి వేశారు. ఈగలు కుట్టింది జీవమ్మను. మొహం బూరెలా ఉబ్బింది.

సాయంత్రం వీరేష్ వచ్చాడు. వార్డు మెంబరు. అతని చేను నా చేను పక్కనే.

"మామా, ఆదివారం పొద్దున్నే ఆ పట్టు కాల్చల్ల. వయసులో నువ్వు శానా కాల్చినావంట గదా. కాగడా నువ్వే కట్టు."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"పూతుండాది."

"ఉల్లిపూతకు, ట్యాంకు కాడి పట్టుకు ఏం సంబంధం మామా? ఆయమ్మ మొహం చూసినావా?"

కాగడా కట్టనన్నట్టు తల అడ్డంగా ఊపాను. అతను విసుక్కుంటూ వెళ్లిపోయాడు.

నేను అర ఎకరాలో విత్తనం కోసమే ఉల్లిగడ్డలు నాటుతాను. మోకాలెత్తు కాడ లేచి, కొనకు తెల్లటి గుండు పూస్తుంది. అది ఎండితే లోపల నల్లటి గింజ. వానలు మొదలయ్యాక ఊళ్లో సగంమంది నా గింజే నారు పోస్తారు, వీరేష్ కూడా. ఈగ వాలకపోతే ఆ గుండులో గింజ ఉండదు. పూత ముగియడానికి ఇంకా పన్నెండు రోజులు పడుతుంది. ఆదివారానికి నాలుగు రోజులే ఉన్నాయి.

రైతు సేవా కేంద్రంలో సుప్రజ అనే అమ్మాయి పనిచేస్తుంది. పూత మీద మందు కొట్టవద్దని, తప్పదంటే పొద్దు వాలాక కొట్టమని గోడకు పటం కూడా అంటించింది. ఎవరూ వినలేదు. పట్టు సంగతి తెలిసి శనివారం పొద్దున మీటింగు పెట్టింది. ముందురోజు మా ఇంటికి వచ్చింది.

"తాతా, నేను చెప్తే పటం పిల్ల వచ్చిందని నవ్వుతాండారు. నువ్వొక మాట చెప్పు."

"నాకు మాటలు రావు పాపా."

మా ఆమె రామేశ్వరమ్మ పొయ్యి దగ్గరి నుంచే అందుకుంది. "యాభై ఏండ్లాయె, నేను మాట్లాడతాండా, ఆయన తలకాయ ఊపుతాండాడు. దాన్నే మాట అనుకుంటే తీసుకుపో తల్లీ."

మీటింగుకు పాతికమంది వచ్చారు. జీవమ్మ ముందు వరసలో కూర్చుంది. ఒక కన్ను ఇంకా తెరుచుకోలేదు. వీరేష్ ఆమెను చూపించి, "మనుషులు ముఖ్యమా, ఈగలు ముఖ్యమా?" అన్నాడు. అతని మాటలో తప్పు లేదు.

ఈగ ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు ఎలా చేరవేస్తుందో సుప్రజ చెప్పింది.

"పూలో సారమంతా తాగిపోతాది గదమ్మా! దానికి మళ్లీ దండేసి దండం పెట్టల్లా?" అన్నారెవరో వెనక నుంచి. అందరూ నవ్వారు.

నేను లేచాను. నేను లేవడం చూసి నవ్వు ఆగింది.

"ముప్పై ఏండ్ల కింద," అన్నాను, "నేనూ అట్లే అనుకుంటి. ఈగలు సారం తాగుతాయని మా నాయన చెప్పినాడు. మూడు సాళ్లకు కట్టెలు నాటి దోమతెర కప్పినా. ఒక్క ఈగ దూరలేదు. పూలు బాగా నిలిచినాయి, మీరందరూ వచ్చి చూసినారు గూడ. నూర్చితే అంతా పొట్టే. తెర లేని సాళ్లలో ఎప్పటి మాదిరే గింజ పడింది."

ఆగాను.

"మీరు అడిగితే పురుగు తిన్నాదని చెప్పినా. సిగ్గయి చెప్పినా. అది అబద్ధం. ఆ ఏడు నుంచే ఊర్లో పూత మీద మందు కొట్టబట్టినారు. ఆ తప్పు నాది."

అప్పుడు రామేశ్వరమ్మ లేచింది.

"ఆ తెర మా పుట్టింటోళ్లు పెట్టింది! చినిగిపోయింది, పారేసినా అంటివి గదయ్యా! నన్ను దోమలకు వదిలి ఉల్లిగడ్డలను తెరలో పండబెట్టినావా?"

నవ్వు గోడలు దాటింది. జీవమ్మ చెంప పట్టుకుని, "నవ్వించాకు అక్కా, మూతి నొస్తాంది," అంది. నవ్వు తగ్గాక వీరేష్ వైపు తిరిగింది.

"కుట్టింది నన్ను గదప్పా, నేను చెప్తా. కాల్చద్దు. ఈగలు దిగి రాలేదు, మనోళ్లే రాయి వేసిరి. ఆ కొళాయిని బడి గోడ కాడికి మార్చు. ట్యాంకు చుట్టూ ముండ్లకంప వెయ్యి. అవి పోయినాంక తియ్యి."

ఆదివారం పొద్దున వీరేష్, నేను పైపు పాతాం. నేను కంప కొట్టి తెచ్చాను. మధ్యాహ్నానికి బడి గోడ దగ్గర నీళ్లు వచ్చాయి. మొదటి బిందె జీవమ్మదే.

మంగళవారం చేనికి వెళ్లేసరికి వీరేష్ మందు పంపు భుజాన వేసుకుని గట్టు మీద ఉన్నాడు. అతని మిరప చివరి పూతలో ఉంది. నేను నా సాళ్లలో నిలబడి చూశాను. అతను పంపు దించాడు.

"పొద్దు వాలినాంకనే కొడతాలే మామా. అట్ల చూడాకు."

"నేనేమీ అనలేదే."

"అంటే భయం లేదు. అనకుంటేనే భయం."

పూత ముగిసేదాకా రోజూ ఎండ ఎక్కే వేళకు సాళ్ల మధ్యకు పోయి ఊరికే నిలబడేవాణ్ణి. ఒక్కో గుండు మీద నాలుగైదు ఈగలు. వాటి మోతలో నా అడుగుల చప్పుడు నాకే వినిపించేది కాదు.

ఉగాది దాటాక గుండ్లు కోసి ఇంటి ముందర ఆరబెట్టి నూర్చాం. వీరేష్ వచ్చి గుప్పెడు తీసి అరచేతిలో నలిపి ఊదాడు. పొట్టు ఎగిరిపోయింది. గింజ కదల్లేదు.

"ఈ తూరి బరువుండాది మామా. కార్తీకంలో నేను గూడ రెండు సాళ్లు గడ్డ నాటుతా. ఎట్ల నాటల్లో చెప్తావా?"

గడ్డ ఎంత లావు ఉండాలి, కొన ఎంత కోయాలి, తడి ఎప్పుడు ఆపాలి, అన్నీ చెప్పాను. చెబుతుంటే ఇంకా గుర్తుకు వచ్చాయి. అవీ చెప్పాను. చాలాసేపయ్యాక, ఆగని మాటలు విని, ఇంటికి చుట్టం ఎవరొచ్చారో అనుకుని రామేశ్వరమ్మ బయటికి వచ్చి చూసింది.