బాలు పట్టుకెళ్ళిన విదిలింపు

పొద్దున ఎనిమిదింటికల్లా సఫూరా రేకుల షెడ్డులో కూర్చుని మిరపకాయల ముచ్చికలు తీయడం మొదలుపెడుతుంది. బయట లారీల హారన్లు, లోపల పాతికమంది ఆడవాళ్ళ కబుర్లు. మోత భరించలేనంత అయినప్పుడు రెండు చేతులూ చెవుల దగ్గరికెత్తి గబగబా విదిలిస్తుంది. చెవుల్లో పేరుకున్న చప్పుడంతా మిరపగింజల్లా జలజలా కింద రాలిపోతుంది. పక్కన కూర్చునే పిచ్చమ్మ, అందులో పడకుండా తన టీ గ్లాసు ఓ జానెడు పక్కకి జరుపుకుంటుంది. అంతే, మళ్ళీ పని.

ఈ ఏడాది కోతల్లో బాలు వచ్చాడు. కరెంటాఫీసులో ఉద్యోగం, పరిషత్తు నాటకాల్లో హీరో. ఈసారి ఆటిజం ఉన్న తమ్ముడి వేషం. నాలుగు రోజులు సఫూరా ఎదురుగా పీట వేసుకుని, ఆమె చేతులకేసే చూస్తూ నోట్సు రాసుకున్నాడు. ఆమెని ఒక్క ప్రశ్న అడగలేదు. ఐదో రోజు లేచి వెళ్తుంటే విదిలింపు అతని చేతుల్లో ఉంది. సఫూరా చేతులు ఊరికే ఒళ్ళో పడి ఉన్నాయి.

"మార్టూరు పోటీలు అవగానే తెచ్చిచ్చేస్తాను పిన్నీ," అన్నాడు సఫూరా తల్లి కరీమున్‌తో.

"జాగ్రత్త నాయనా, చిన్నప్పట్నుంచీ వాడుతోంది," అంది కరీమున్, ఇత్తడి బిందె ఇచ్చి పంపుతున్నట్టు.

సింగరాయకొండలో ఉత్తమ నటుడు బాలు. కనిగిరిలోనూ బాలే.

ఇక్కడ సఫూరా కదలడం మానేసింది. "నీ కూతురు బాగుపడిందే కరీమున్! ఎంత కుదురుగా కూర్చుంటోందో!" అన్నారు షెడ్డులో. మొన్నటి హారన్లు, నిన్నటి తిట్లు, పక్కింటి పెళ్ళి బ్యాండు, ఏదీ బయటికి పోయే దారి లేక ఆమె లోపలే గిరగిరా తిరుగుతున్నాయి. వేళ్ళు కాయని పట్టుకుని అలాగే ఉండిపోతున్నాయి. జనం కుదురని మెచ్చుకుంటున్నది తలుపులు మూసుకుపోయిన గదిని. ఆ సంగతి చెప్పడానికి ఆమె దగ్గర మాటలు తక్కువ.

"నా విదిలింపు," అనేది రోజూ.

"ఇంకొక్క ఊరేగా తల్లీ."

మార్టూరుకి పిలవడానికి బాలు వచ్చాడు. ముందు వరసలో కుర్చీలట, సఫూరాకి శాలువా అట. "కాకపోతే పిన్నీ, ఇంకో పదకొండు ఊళ్ళవాళ్ళు అడుగుతున్నారు. వేసవి దాటేదాకా నా దగ్గరే ఉంచుకుంటాను."

కరీమున్ మొహమాటపడి తలూపింది. సఫూరాని ఎవరూ అడగలేదు.

మార్టూరులో తెర లేచింది. బాలు మెల్లకన్ను పెట్టి, నాలుక వేలాడేసి, చొంగ కారుస్తూ ఆమె విదిలింపు విదిలించాడు. జనం నవ్వారు. కాసేపయ్యాక ఏడ్చారు.

"నాకు చొంగ కారదు," అంది సఫూరా పైకే.

"ష్! నాటకమేగా," అంది తల్లి.

నాటకంలో తమ్ముడు చివరికి చచ్చిపోవాలి. అప్పుడుగానీ అన్నకి బుద్ధి రాదు. అన్న ఒళ్ళో బాలు చచ్చిపోయాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు, ఈలలు. ఆ మోత తగలగానే శవం చేతులు రెండూ చెవుల దగ్గరికి లేచాయి.

"చచ్చావురా, పడుకో!" గొణిగాడు అన్న వేషం వేసినవాడు.

"నేను కాదురా, ఇవే లేస్తున్నాయి! అబ్బా, ఏం మోతరా ఇది!"

విదిలించాడు, విదిలించాడు. ఒక్క గింజ రాల్లేదు. జనం ఇదీ నటనేననుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

సఫూరా లేచింది. మెట్లెక్కి బాలు ముందు కూర్చుని, తాకకుండా తన అరచేతులు అతని చేతుల కింద పట్టింది.

"దీన్నెట్లా ఆపాలి సఫూరా?" అన్నాడు బాలు. అతను ఆమెని అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఇచ్చెయ్."

ఇచ్చేశాడు. ఆమె చేతులెత్తి విదిలించింది. రెండు నెలల హారన్లు, తిట్లు, పెళ్ళి బ్యాండు, ఆ పూట చప్పట్లు, అన్నీ స్టేజీ మీద కుప్పగా రాలి కిందికి దొర్లాయి. న్యాయనిర్ణేతలు కాళ్ళు కుర్చీల్లోకి ముడుచుకున్నారు. హాలు చడీచప్పుడు లేకుండా అయిపోయింది.

మెట్ల దగ్గర సఫూరా ఆగింది. "చొంగ నాది కాదు. అది నువ్వే ఉంచుకో."

బాలు నోరు తుడుచుకున్నాడు. పదకొండు ఊళ్ళకీ రానని ఫోన్లు చేశాడు.

మర్నాడు ఎనిమిదింటికి పిచ్చమ్మ తన టీ గ్లాసు ఓ జానెడు పక్కకి జరుపుకుంది.