బిగించిన టేపు

మా వీధి మీదుగా నగర రహదారి వేయరాదని పోరాడుతున్న సంఘానికి, వయసు మీరినవాణ్నన్న ఒకే ఒక్క అర్హతతో, నన్ను అధ్యక్షుణ్ని చేశారు. ఆ ఉదయం మా తీర్మానం స్పష్టం: కొలతలకు వచ్చే సర్వేయరుకు ఎవరూ సాయపడరాదు, గడప దిగరాదు. వీధి మధ్యగీత నుంచి పదిహేను మీటర్లలోపు ఉన్నదంతా కూలుస్తారట. అందరికన్నా ముప్పు మా తమ్ముడికి. వాడు దర్జీ. కుట్టుమిషను వీధివైపు గదిలోనే ఉంది. ఆ గది పోతే వాడి బతుకుతెరువూ పోతుంది.

దైవం మా పక్షాన నిలిచినట్టే తోచింది. సర్వేయరుకు సహాయకుడు రాలేదు. ఆయన టేపు కొసను మధ్యగీత మీద ఒక రాయికింద నొక్కిపెట్టి, చుట్ట విప్పుకుంటూ తమ్ముడి గోడదాకా వచ్చాడు. నడుమ టేపు వదులుగా వేలాడుతోంది.

"పదిహేను దాటింది. ఈ గది హద్దు బయటే," అని గొణుక్కుంటూ కలం తీశాడు.

నేను లోలోపల భగవంతుణ్ని స్తుతించడం మొదలుపెట్టానో లేదో, తమ్ముడు మిషను దగ్గరనుంచి లేచాడు.

"ఏవండీ, టేపు అలా బొజ్జేసుకుని వేలాడుతుంటే అదేం కొలతండీ? నడుం కొలత అలా తీస్తే పంట్లాం జారిపోదూ?"

"ఒరేయ్, నోరుమూసుకు కూర్చోరా!" అన్నాను.

"మీరుండండన్నయ్యా. చూడలేక చస్తున్నా."

గడప దిగాడు. రాయి తీసి పారేసి, కొసను గీతమీద బొటనవేలితో నొక్కాడు. "ఇప్పుడు లాగండి సార్. ఇంకొంచెం... ఆ, అదీ!"

టేపు వీణతీగలా బిగిసింది. గోడ జానెడు హద్దులోపలికి వచ్చింది.

సర్వేయరు మర్యాదగా "థాంక్సండీ" అని చెప్పి, గోడమీద ఎర్రరంగుతో గుర్తు వేశాడు.

మరదలు గుమ్మంలోకి వచ్చింది. "కుదిరిందా మహానుభావా కొలత? ఇక రోడ్డు మధ్యన కూర్చుని కుట్టండి, గాలి బాగా తగుల్తుంది."

"తప్పుడు కొలతమీద కత్తెర ఎలా ఆడిస్తానే?"

"కత్తిరించేది బట్ట కాదండీ, మన కొంప!"

సత్యాన్ని కీర్తించే పద్యాలు వందలు ధారణ చేసినవాణ్ని నేను. ఆ క్షణాన ఒక్కటీ నోటికి రాలేదు; వచ్చినవన్నీ తిట్లే.

సర్వేయరు పక్కింటికి నడిచాడు. ఆ పక్కిల్లు నాది. టేపు కొస ఇంకా తమ్ముడి చేతిలోనే ఉంది.

"వదలరా దాన్ని!" అని గడపమీద నుంచే అరిచాను.

"ఒక్క క్షణం అన్నయ్యా," అన్నాడు వాడు, కొలతలివ్వడానికి వచ్చినవాళ్లతో మాట్లాడే ఆ మెత్తని గొంతుతోనే. "కదలకుండా నిలబడండి."