ఉర్హో తూటాల్లో మందు

నవంబరు పద్నాలుగో తేదీ మధ్యాహ్నానికి అడవిలోని వేట క్యాంపులో పొయ్యి రాజుకుంది. కాఫీ మరిగింది. ముగ్గురు ముసలివాళ్లూ బల్ల చుట్టూ చేరి పాత తగువుకి కూర్చున్నారు. జింకను కొట్టడానికి ఏ తూటా మంచిదన్నదే ఆ తగువు. నలభై ఏళ్లుగా దానికి తీర్పు లేదు, తీర్పు రావాలని అక్కడెవరికీ లేదు కూడా. తెల్లారితే వేట మొదలు. ముందురోజు ఈ వాదన జరగకపోతే అడవిలో జింకలు కూడా చిన్నబుచ్చుకుంటాయని క్లేటన్ బోడ్రీ అంటుంటాడు.

ఉర్హో సాల్మెలాది థర్టీ-ఆట్-సిక్స్ రకం తూటా. తండ్రి చేతి నుంచి వచ్చిన తుపాకి. పెద్ద గుండు, పెద్ద మోత, భుజం మీద గాడిద తన్నినంత తన్ను. ఆర్విడ్ కంగస్‌ది టూ-సెవెంటీ. గుండు చిన్నదే కానీ వేగం జాస్తి. క్లేటన్‌ది వాళ్ల తాత కాలం నాటి థర్టీ-థర్టీ. అది దూరం పోదు, క్లేటన్ కూడా దూరం నడవడు కాబట్టి ఇద్దరికీ సరిపోయింది. పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం ముగ్గురూ.

టూ-సెవెంటీతో కొడితే జింక పడదనీ, దాని వెనకాల లాంతరు పట్టుకుని చిత్తడిలో తిరగాలనీ ఉర్హో మొదలుపెట్టాడు. ఉర్హో గుండు బూట్లు తొడుక్కుని బయల్దేరేలోపు తన గుండు పని ముగించుకుని ఇంటికొచ్చేస్తుందని ఆర్విడ్ అన్నాడు. ఈ సెడార్ చెట్ల మధ్య వంద గజాల అవతల ఏనుగు నిలబడ్డా కనపడదు, మీ ఇద్దరికీ అంత తొందర దేనికని క్లేటన్ అడిగాడు.

"నువ్వు మాట్లాడకు. నీ తూటా తగిలితే జింక చావదురా, చిరాకు పడుతుంది," అన్నాడు ఉర్హో.

క్లేటన్ కుంగిపోలేదు. మాంసం కూరిన పాస్టీలు వేడెక్కాయో లేదో చూడడానికి పొయ్యి దగ్గరికి వెళ్లాడు. పొయ్యి వెనక గోడ నిండా చొక్కా అంచులు మేకులకి వేలాడుతున్నాయి. గురి తప్పినవాడి చొక్కా అంచు కత్తిరించి గోడకి కొట్టడం ఆ క్యాంపు ఆనవాయితీ. క్లేటన్‌వి అయిదు, ఆర్విడ్‌వి మూడు. ఉర్హోది ఒక్కటీ లేదు. ఇంకేం మాట్లాడాలన్నట్టు ఉర్హో వేలితో ఆ గోడ చూపించాడు.

ఆర్విడ్ కాఫీ కప్పులోకి చూసుకున్నాడు. ఆ గోడ దగ్గర ఏడేళ్లుగా ఆయనకి నోరు పెగలదు.

క్యాంపులో అందరి తూటాలూ ఆర్విడే నింపుతాడు. పేల్చిన ఇత్తడి డొప్పల్ని ఎవరూ పారెయ్యరు. కిటికీ గట్టు మీదున్న పాత కాఫీ డబ్బాలో వేస్తారు. ఆర్విడ్ వాటిని ఇంటికి తీసుకెళ్లి, చలికాలమంతా నేలమాళిగలో కూర్చుని, తోమి, కొత్త మందు తూచి పోసి, గుండు బిగించి తిరిగి తెస్తాడు. తూటా అంటే ఒకడి మొహానికి జానెడు దూరంలో పేలేది. ఇంకొకడు నింపిన దాన్ని కళ్లు మూసుకుని తుపాకిలో పెట్టుకోవడం మామూలు నమ్మకం కాదు. అలాంటి నమ్మకం మీద ఆర్విడ్ ఏడేళ్లుగా ఒక అబద్ధం నడుపుతున్నాడు.

అడవిలో కొట్టిన బర్చ్ చెట్టు ఒకటి పక్కకి తిరిగి ఉర్హో కుడి భుజం మీద పడిన ఏడాది మొదలైంది అది. ఎముకకి ఉక్కు పలక వేసి, ఇక పెద్ద తుపాకి జోలికి పోవద్దని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఉర్హో ఆ మాట విని, "అది పట్టలేని రోజున నేను క్యాంపుకి రాను. పిల్లల తూటా పట్టుకుని మీ మధ్య కూర్చోను," అన్నాడు. అన్నమాట తప్పే మనిషి కాదు. ఆ వసంతంలోనే ఆయన భార్య ఎల్మా పోయింది. ఆ తర్వాత ఉర్హో నవ్వగా ఎవరైనా చూశారంటే ఈ క్యాంపులోనే చూశారు.

ఆ చలికాలం ఆర్విడ్ తక్కెడ ముందు చాలాసేపు కూర్చున్నాడు. పాత మందు తగ్గించి పోస్తే ఒప్పుకోదు, ప్రమాదం. అందుకని వేరే రకం మందు తెప్పించాడు, తేలిక గుండు పెట్టాడు, పెరట్లో తనే పేల్చి చూసుకున్నాడు. తన్ను సగానికి సగం తగ్గింది. బలం కూడా తగ్గి, సరిగ్గా క్లేటన్ థర్టీ-థర్టీ అంత అయింది. కొత్త మందు, గుండు కాస్త కిందికి తగులుతుంది, గురి మళ్లీ సరిచేసుకోమని ఉర్హోతో చెప్పాడు. ఉర్హో ఊ అని సరిచేసుకున్నాడు. అప్పట్నించీ జింకలు పడుతూనే ఉన్నాయి, ఉర్హో క్లేటన్‌ని వెక్కిరిస్తూనే ఉన్నాడు.

మూడు గంటలప్పుడు బయట కారు ఆగింది. ఉర్హో కూతురు మార్లిస్ వచ్చింది. మార్క్వెట్ పట్నంలో నర్సు. రెండేళ్లుగా ఆమె కూడా వేటకొస్తోంది, ఆమెది క్రీడ్‌మోర్. ఈ కాలపు తూటా, నెమ్మదైన తన్ను. అలాంటి తుపాకే తండ్రికి పుట్టినరోజుకి కొనిస్తే ఆయన దానికి చేపల గాలమని పేరుపెట్టి గోడకి తగిలించాడు.

సామాను దించుతూ ఆమె ఆర్విడ్‌ని పక్కకి పిలిచింది. అరచేతిలో పట్టేంత నల్లటి పెట్టె చూపించింది. తుపాకి పక్కన పెడితే గుండు వేగం ఎంతో అంకె చూపిస్తుందట.

"నాన్న ఎవరి మాటా వినడు బాబాయ్. అంకె చూస్తే వింటాడేమో. నా తూటా కూడా ఆయన దానికి సమానమని తెలిస్తే, ఆ తుపాకి మానేస్తాడు. ఆ భుజం ఇంకెన్నాళ్లు ఓరుస్తుంది చెప్పు?"

ఆర్విడ్ ఆ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు. పెట్టె పెడితే ఉర్హో అంకె క్లేటన్ అంకె పక్కన వచ్చి కూర్చుంటుంది. అప్పుడు ఉర్హో ఏమంటాడో తెలుసు. ఏమీ అనడు. తుపాకి సంచిలో పెట్టుకుని, అందరికీ మంచిదని చెప్పి, కారెక్కి వెళ్లిపోతాడు. మళ్లీ రాడు. ఆ ఒంటరి ఇంట్లో, ఎల్మా కుర్చీ ఎదురుగా కూర్చుంటాడు. అంతా తన చేతి చలవే.

చలికి బ్యాటరీ పనిచెయ్యదేమో అన్నాడు ఆర్విడ్. పనిచేస్తుందంది మార్లిస్. మంచు పడేలా ఉందన్నాడు. ఆకాశం కడిగినట్టుంది. తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ తిరిగి, చివరికి కట్టెల గుట్ట దగ్గర ఉర్హో ఒక్కడే కనిపిస్తే అటు నడిచాడు. చెప్పేస్తే పోతుంది. ఇంకొకరి ముందు బయటపడేకన్నా తన నోటితో తను చెప్పడమే నయం.

"ఉర్హో, నీ తూటాల సంగతి ఒకటి..."

"ఏం, నీ టూ-సెవెంటీ ఓడిపోతుందని భయమా?" అన్నాడు ఉర్హో. ఆర్విడ్ మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఆ తర్వాత, "చేతులు కొంకర్లు పోతున్నాయి, గ్లవ్స్ తెచ్చుకుంటా," అని లోపలికి వెళ్లిపోయాడు.

క్యాంపు వెనక ఇసుక దిబ్బకి అట్టముక్క తగిలించి, పాత బల్ల వేశారు. సరస్సు మీంచి గాలి కోస్తోంది. ముందు క్లేటన్ పేల్చాడు. సెకనుకి రెండు వేల రెండొందల చిల్లర అడుగులు. ఈ జన్మలో తను చేసిన అతి వేగమైన పని ఇదేనని ఆయనే ఒప్పుకున్నాడు. మార్లిస్‌ది రెండు వేల ఏడొందలు. ఆర్విడ్‌ది మూడు వేలు దాటింది. మరో రోజైతే ఆర్విడ్ ఆ అంకె పట్టుకుని రాత్రంతా ఊరేగేవాడు. ఇప్పుడు దాని వంక సరిగా చూడను కూడా లేదు.

ఉర్హో బల్ల దగ్గర కూర్చున్నాడు. కోటు జేబులోంచి ఒక తూటా తీసి పెట్టాడు. తుపాకి వెనక కొస కుడి భుజానికి ఆనించి, ఒకసారి కదిలించి, మళ్లీ ఆనించాడు. ఆర్విడ్ నేల చూస్తూ నిలబడ్డాడు.

ఆ మోతకి సెడార్ కొమ్మల మీది మంచు రాలింది. ఏడేళ్లుగా ఆ తుపాకి అంత మోత చేయగా ఆర్విడ్ వినలేదు.

"రెండు వేల ఏడొందల నలభై," చదివింది మార్లిస్. ఆమె గొంతులో నిరాశ దాగలేదు. క్రీడ్‌మోర్‌కి సమానమైనా దానికన్నా బరువైన గుండు. ఇక తండ్రిని ఏ అంకెతో ఒప్పిస్తుంది?

ఆర్విడ్ మాత్రం తలెత్తి ఉర్హో వంక చూశాడు. తను పోసిన మందుతో ఆ అంకె రాదు. కల్లో కూడా రాదు.

"చూశారా," అన్నాడు ఉర్హో. ఆ మాటకి సరిపడా ఊపిరి లేదు ఆయన దగ్గర. మొహం సున్నం కొట్టినట్టుంది. ఖాళీ డొప్ప తీసి జేబులో వేసుకున్నాడు, కాఫీ డబ్బాలో కాదు. మార్లిస్ అందించిన కప్పు ఎడం చేత్తో తీసుకున్నాడు.

చీకటి పడకముందే సౌనా, ఆవిరి గది, వేడెక్కింది. వేటకి ముందు ఒళ్లు ఆవిరి పట్టి కడుక్కోవడం వాళ్ల తాతలు ఫిన్లాండ్ నుంచి తెచ్చిన అలవాటు. క్లేటన్ ఫ్రెంచివాడు, ఆ ఆవిరిలో ఉడకడం తన వల్ల కాదని పాస్టీల దగ్గరే ఉండిపోయాడు. ఉర్హో, ఆర్విడ్ పై మెట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు. ఆర్విడ్ రాళ్ల మీద నీళ్లు చల్లాడు. ఆవిరి కాస్త పలచబడ్డాక చూశాడు. ఉర్హో పాత కుట్ల మచ్చ మీద చర్మం, మెడ కింద నుంచి జబ్బ దాకా, నేరేడు పండు రంగులో కమిలిపోయి ఉంది.

ఆర్విడ్ బయటికి వెళ్లి, బకెట్లో మంచు తెచ్చి, తువ్వాల్లో చుట్టి ఆ భుజం మీద అద్దాడు. ఉర్హో పళ్లు బిగించాడు, వద్దనలేదు.

"ఎప్పట్నించి తెలుసు?" అడిగాడు ఆర్విడ్.

"మొదటి తూటా నుంచి. అన్నేళ్లు కాపురం చేసిన తుపాకిరా. తన్నడం మానేస్తే తెలీదా?"

"మరి చెప్పలేదేం?"

"చెప్తే ఏమయ్యేది? నువ్వు క్షమించమనేవాడివి. నేను ఇంటికి పోయేవాణ్ణి." ఉర్హో రాళ్ల వంక చూస్తూ కూర్చున్నాడు. "నాకు ఇంటికి పోవాలని లేదురా."

ఆర్విడ్ కళ్లు తుడుచుకున్నాడు. ఆవిరి గదిలో అదొక సుఖం, ఎవరూ ఎందుకని అడగరు.

మార్లిస్ పెట్టె తెస్తున్నట్టు నిన్న ఫోన్లోనే తండ్రికి చెప్పిందట. పొద్దున్న ఉర్హో దారిలో ఒక కొట్టు దగ్గర ఆగి డబ్బా ఒకటి కొన్నాడు, నిండు మందున్న తూటాలు.

"పిచ్చివాడా, నాతో అంటే ఏదో ఒకటి చేసేవాణ్ణిగా. భుజం విరిగుంటే?"

"విరగలేదుగా. ఆ పెట్టె నన్ను క్లేటన్ గాడి పక్కన కూర్చోబెడితే వాడు నన్ను బతకనిస్తాడా? ఇంకోటి కూడా." ఉర్హో గొంతు తగ్గించాడు. "నీ తూటాల్లో మందు తక్కువని వాళ్లకి తెలియడం నాకిష్టం లేదు. ఎందుకు తక్కువో వాళ్లకేం తెలుసు?"

బయటి గదిలో బట్టలు వేసుకునేటప్పుడు ఉర్హోకి కుడి చెయ్యి లేవలేదు. ఆర్విడే చొక్కా తొడిగి గుండీలు పెట్టాడు. ఉర్హో ఎడం చేత్తో కోటు జేబు తడిమి ఆ డొప్ప తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఇంకా కొత్త మెరుపు పోలేదు.

"మిగతా డబ్బా కూడా తీసుకుపో, నాకొద్దు. రేపటికి నీవే ఉన్నాయి నా దగ్గర."

"దీంట్లో ఎంత పొయ్యను?"

"ఏడేళ్లుగా ఎంత పోస్తున్నావో అంతే. ఇంకో రెండేళ్లకి ఇంకాస్త తగ్గించు. నాకు చెప్పకు."

క్యాంపు అరుగు మీద మార్లిస్ ఎదురుచూస్తోంది. నర్సు కళ్లు, తండ్రి నడక చూసి అన్నీ పోల్చుకున్నాయి. ఉర్హో లోపలికి వెళ్లాక ఆమె ఏదో అనబోతే ఆర్విడ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ భుజం సంగతి నాకొదిలెయ్ తల్లీ. ఇవాళొక్కరోజే తప్పింది. అంతకుముందు ఏడేళ్లు తప్పలేదు."

ఆమె ఆయన్నీ, ఆయన చేతిలోని డొప్పనీ మార్చి మార్చి చూసింది. తల ఊపింది. నల్లటి పెట్టె తీసుకెళ్లి కారులో పెట్టేసి వచ్చింది.

లోపల క్లేటన్ పాస్టీలు వడ్డిస్తున్నాడు. ఆర్విడ్ కిటికీ దగ్గరికి వెళ్లి డొప్పని కాఫీ డబ్బాలో వేశాడు. అది అడుగున పాతవాటికి తగిలి ఖంగుమంది. ఉర్హో ఇటు తిరగలేదు. ఫోర్కు ఎడం చేతిలోకి మార్చుకున్నాడు.

"ఇంతకీ ఎక్కడిదాకా వచ్చాం?" అన్నాడు. "ఆ, టూ-సెవెంటీ. అసలు అదొక తూటాయేనా అని."