గోనె రాములమ్మ ఎక్కడికీ పోలేదు

ఆ శుక్రవారం ఉదయం అయిజకు దగ్గరలోని మా ఊరి పంచాయతీ గదిలో ఉన్నవారు, కూర్చున్న వరుసలో: ఇళ్ల జాబితాపై విచారణకు వచ్చిన అధికారి, ఆయన పక్కన గుమాస్తా వెంకట్రాములు, విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడినైన నేను, విత్తన పత్తి చేలల్లో పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి కూలీలను వెంటబెట్టుకు పోయే ఎస్తేరు. నిలబడి ఉన్నది గోనె రాములమ్మ ఒక్కతే. ఆమెకు కుర్చీ చూపాలని మాలో ఎవరికీ తోచలేదు.

ఆమెకు మంజూరైన ఇల్లు రద్దయింది. కారణం, ఊళ్లో లేదట. గోనె ఆమె ఇంటిపేరు. జాబితాలో దాన్ని ఇంగ్లీషులో రాశారు: జి, ఓ, ఎన్, ఇ. ఆ భాషలో అవే నాలుగక్షరాలకు ‘వెళ్లిపోయారు’ అని అర్థం. ఏ చుట్టరికమూ లేని రెండు భాషల్లో అక్షరాలు కలిసినంత మాత్రాన మాట ఒకటి కాదని ముప్పై మూడేళ్లు పిల్లలకు చెప్పినవాణ్ణి. వలసల సీమ కనుక గుమాస్తా దాన్ని ఇంటిపేరుగా కాక ‘ఊరు విడిచిపోయింది’ అని చదువుకుని నమ్మాడు. అంతవరకు క్షమించగలను. కానీ ఆమె తలుపు తట్టకుండానే ‘స్వయంగా తనిఖీ చేశాను’ అని సంతకం పెట్టాడు. నన్ను మండించింది ఆ సంతకం.

అధికారి తేలిక మార్గం చూపాడు. “వలస పోయి నిన్న తిరిగొచ్చిందని రాయండి సార్. ఇద్దరు సాక్షులు చాలు. పేరు ఇప్పుడే ఎక్కిస్తాను.”

నేను కలం మూత తీశాను.

ఎస్తేరు కాగితం ముట్టలేదు. “తిరిగొచ్చెతందుకు ఆమె యాడికి పోయింది సార్? రెండు నెలల నుంచి రోజు నా ఎంబడే చేన్లకు వస్తుంది.”

“నీ పేరు గూడ జాబితల ఉంది. యాదికుంచుకో,” అన్నాడు వెంకట్రాములు.

“ఉంది అన్నా. మా ఇంటికన్న వచ్చినవా, నన్ను గూడ గిట్లనే చూసినవా?”

“పోనీ బిడ్డా, ఇల్లొస్తే చాలు,” అంది రాములమ్మ.

“ఇల్లొస్తది పెద్దమ్మా. నువ్వు పోయినవని మనమే రాస్తే, ఈయన వచ్చి చూసిండన్నది నిజమైతది. గది నేను రాయ.”

ఆమె సంచిలోంచి హాజరు పుస్తకం తీసి బల్లమీద పెట్టింది. ప్రతి దినానికీ రాములమ్మ వేలిముద్ర. అధికారి చాలాసేపు పేజీలు తిప్పాడు. తరువాత వెంకట్రాములు చేతనే ‘తనిఖీ జరగలేదు’ అని రాయించి, రాములమ్మ పేరు ఎక్కించాడు.

ఆ కాగితం మీద మొదటి సాక్షిగా ఎస్తేరు సంతకం చేసింది; నా సంతకం ఆమె సంతకం కింద చేశాను. దాని స్థానం అదే.

అబద్ధానికి అక్కడ పెద్ద చదువులు చదివినవాళ్లమందరమూ సిద్ధపడిన వేళ, తన ఇంటిని సైతం పణంగా పెట్టి నిజాన్ని నిలిపినవారు శ్రీమతి ఎస్తేరు అని, ఆ గదిలో ఉన్నవాడిగా, సగౌరవంగా ఇక్కడ నమోదు చేస్తున్నాను.