ఎవరో ఒకరు పట్టుకుంటారు

"నువ్వెలాగూ లేచే ఉంటావుగా" అన్నారు మావారు, పెళ్ళయిన కొత్తలో. ఆ తర్వాత మళ్ళీ అనాల్సిన అవసరం రాలేదు. మా వీధికి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. తెల్లవారుజామునే వస్తాయి గానీ, ఏ వేళకన్నది మాత్రం వాటి ఇష్టం. అందుకని ఒక చెవి తెరిచి పెట్టుకుని పడుకుంటాను. కుళాయి ముందు బుస్సుమని గాలి వదులుతుంది, తర్వాత దగ్గుతుంది, కాసేపు ఎర్రనీళ్ళు పోస్తుంది, అప్పుడు గానీ మంచినీళ్ళు రావు. ఆ దగ్గుకే నాకు మెలకువ వచ్చేస్తుంది. పక్కనున్న మనిషికి రాదు. పాప చంటిపిల్లగా ఉన్నప్పుడు గుక్కపట్టి ఏడ్చినా ఇంతే. డ్రమ్ము నింపి, బకెట్లు నింపి, వంటింట్లో ఉన్న గిన్నెలన్నీ నింపి, మేడ మీది ట్యాంకుకి మోటారు వేసి, అది పొర్లిపోకుండా కాపలా కాసి లోపలికొచ్చేసరికి తెల్లారిపోయి ఉంటుంది. ఇంక పడుకునేదేముంది, పొయ్యి వెలిగించడమే.

తమాషా ఏమిటంటే నా ఉద్యోగం కూడా నీళ్ళతోనే. నగర ప్రణాళికా విభాగంలో ఇంజనీర్ని. వచ్చే ముప్ఫై ఏళ్ళలో ఈ ఊరు ఎక్కడి నీళ్ళు తాగాలి, వాడి వదిలిన నీళ్ళు ఎటు పోవాలి, పారేసిన చెత్త ఎక్కడ పూడ్చాలి అని ఆలోచించడం మా పని. స్నేహితులు ఇంటికొస్తే మావారికి అదొక జోకు. "మా ఆవిడ ముప్ఫై ఏళ్ళ తర్వాతి చెత్త గురించి బెంగపెట్టుకుంటుందండోయ్. ఇవాళ్టి చెత్తబుట్ట నిండిందంటే మాత్రం విసుక్కుంటుంది." అందరూ నవ్వుతారు. టీ కప్పులు అందిస్తూ నేనూ నవ్వుతాను. చెడ్డమనిషి కాదు. నా చదువు గురించి నలుగురిలో గొప్పగానే చెప్తారు. ఆ నిండిన బుట్టని వీధి చివరిదాకా తీసుకెళ్ళవచ్చన్న సంగతే ఆయనకి తోచదు, అంతే.

నాకు ఒకటే కోరిక ఉండేది. ఎవరికైనా చెప్తే నవ్విపోతారని చెప్పలేదు. నిద్ర. ఒళ్ళు హూనమై పడిపోయే నిద్ర కాదు, అది రోజూ ఉన్నదే. రెండు చెవులూ మూసుకుని పోయే నిద్ర. ఎండ కిటికీలోంచి దిగి, కాళ్ళ మీంచి మెల్లగా మొహం మీదికి పాకేదాకా లేవకుండా ఉండాలని. లేచాక కూడా చెయ్యాల్సిన పనులేవీ వెంటనే గుర్తురాకుండా, కాసేపు ఊరికే పైకప్పు చూస్తూ పడి ఉండాలని. బస్సులో కడ్డీ పట్టుకుని నించున్నప్పుడు, కూరలు తరుగుతున్నప్పుడు, మీటింగులో ఎవరో ఏదో చెబుతున్నప్పుడు ఆ ఉదయాన్ని ఊహించుకునేదాన్ని. కొందరికి సముద్రం మీద మనసుంటుంది. కొందరికి ఎప్పుడో దూరమైపోయిన మనిషి మీద ఉంటుంది. నాకు ఎన్నడూ రాని ఒక పొద్దు మీద ఉండేది.

ఒకరోజు నీళ్ళ వేళకి నాతోపాటు లేచిన మా అత్తగారు, "అమ్మాయి ఎదిగొచ్చింది, పెద్ద బకెట్టు మోయగలదు. దాన్ని కూడా లేపు, అలవాటవుతుంది" అన్నారు. లేపడానికి వెళ్ళాను. పాప నోరు తెరుచుకుని, ఒక చెయ్యి మంచం కిందికి వేలాడేసి, లోకంతో పనిలేనట్టు పడుకుని ఉంది. ముందు అసూయ పుట్టింది. సొంత కూతురి మీద. తర్వాత భయమేసింది. లేపకుండానే వచ్చేశాను.

"లేపలేదేం?" అన్నారు అత్తగారు, కుళాయి కింద బకెట్టు సర్దుతూ.

"అత్తయ్యా, మీకెప్పుడైనా ఇంకాసేపు పడుకోవాలనిపించేదా?"

ఆవిడ బకెట్టు నిండి పొర్లుతున్నా చూసుకోలేదు. "మా అమ్మ పోయిన మర్నాడు కూడా నీళ్ళు పట్టాను" అన్నారు చివరికి. "కుళాయి కట్టేశాక గానీ ఏడవడానికి తీరిక దొరకలేదు."

పాపని లేపమని ఆవిడ మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

ఆ రోజుల్లోనే మా ప్రణాళిక ఒక కొలిక్కి వచ్చింది. చెత్త సంగతీ మురుగు సంగతీ తేలిపోయాయి. నీళ్ళ దగ్గర మాత్రం రెండు దారులు మిగిలాయి. పాత పైపులన్నీ మార్చి రోజంతా నీళ్ళివ్వడం ఒకటి. ఇప్పటిలాగే వీధికో వంతు వేసి ముప్ఫై ఏళ్ళు నెట్టుకురావడం రెండోది. మొదటిదే మంచిదని మాలో అందరికీ తెలుసు. పైపులో ఎప్పుడూ నీళ్ళుంటే పక్క లైనులోని మురుగు అందులోకి ఊరదు. ఖాళీగా ఉన్న పైపు పీల్చుకుంటుంది. వీధుల్లో పిల్లలకి విరేచనాలు పట్టుకునేది అందుకే. కానీ రెండోది చవక. మా చీఫ్ ఇంజనీరు చవక వైపే మొగ్గారు.

నగర కమిటీ ముందు ప్రణాళిక పెట్టిన రోజు, బల్ల చుట్టూ నేనూ, మూల కూర్చున్న టైపిస్టూ తప్ప అందరూ మగవాళ్ళే. కమిటీ అధ్యక్షుడు పెద్దాయన. కాగితాలు తిప్పుతూ, "ఇలా వంతులైతే జనానికి ఇబ్బంది కాదూ?" అని అడిగారు.

చీఫ్ నవ్వేశారు. "ఇబ్బందేముంది సార్? ఇంట్లో ఎవరో ఒకరు లేచి పట్టుకుంటారు. దానికి మనకయ్యే ఖర్చు లేదు."

మాట్లాడాలని నేను అనుకోలేదు. ప్రశ్నలొస్తే చీఫ్‌కి జవాబులు అందించడానికి మాత్రమే నన్ను పక్కన కూర్చోబెట్టారు.

"ఆ ఎవరో ఒకరు నేనే సార్" అన్నాను.

చీఫ్ నా వైపు వంగి, "ఇంటి సంగతులు ఇక్కడెందుకమ్మా" అన్నారు, చిన్నపిల్లకి చెప్పినట్టు.

"ఇంటి సంగతి కాదు సార్. ఈ చవక ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్తున్నాను." అయినా ఆగలేదు. "పైపుకి ఖరీదు కట్టాం. పంపుకి కట్టాం. చెత్త పూడ్చే గుంత అడుగున పరిచే షీటుకి కూడా కట్టాం. నిద్ర మానుకుని లేచే మనిషికి మాత్రం కట్టలేదు. ప్రతి ఇంట్లోనూ ఒకామె లేస్తోంది కాబట్టే ఇది చవక. ఇంకో ముప్ఫై ఏళ్ళు లేస్తుందని మనమిక్కడ కూర్చుని రాసేస్తున్నాం. అప్పటికి లేవాల్సింది ఇవాళ పడుకున్న ఆడపిల్లలు." అధ్యక్షుడి వైపు తిరిగాను. "మీ ఇంట్లో నీళ్ళు ఎవరు పడతారు సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మా కోడలు" అన్నారు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "అంతకు ముందు మా ఆవిడ" అన్నారు.

గెలిచానని చెప్పుకోలేను. ఊరంతటికీ చవకదారే ఖాయం చేశారు. కాకపోతే, ముందు ఒక్క పాతపేటలో పైపులు మార్చి రోజంతా నీళ్ళిచ్చి చూడండి, తర్వాత ఆలోచిద్దాం అన్నారు. ఆ పని నా నెత్తినే పడింది. మా పేట వంతు వచ్చేసరికి, అసలంటూ వస్తే, నా చేతికి కర్ర వస్తుంది.

సంగతి మావారి చెవిన పడింది. "అందరిలోనూ ఇంటి గొడవ ఎందుకెత్తావు? నేనేదో నీచేత చాకిరీ చేయిస్తున్నట్టు" అన్నారు. చేయించడం లేదా అని అడగబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాను. కోపం కాదు, నొచ్చుకున్నారు. నిజంగానే ఆయనకి తెలియదు. ఇన్నేళ్ళ తర్వాత నన్ను ఒంటరిదాన్ని చేసింది అదే.

పాతపేటలో వీధులు తవ్వి, పైపులు దింపి, పూడ్చేసరికి ఏడాది దాటింది. నీళ్ళు వదిలిన కొత్తలో గుమ్మం గుమ్మానికీ ఆడవాళ్ళు బకెట్లతో నించునే ఉన్నారు. "ఇంక పట్టుకోనక్కర్లేదమ్మా, రోజంతా వస్తాయి" అంటే, "ఇలాంటివి బోలెడు విన్నాంలే" అని ఒక పెద్దావిడ నా ఎదుటే మూడో డ్రమ్ము నింపుకుంది.

వానలు వెళ్ళిపోయాక, పైపుల్లో నీటి ఒత్తిడి చూడటానికి తెల్లవారుజామున ఎవరో వెళ్ళాల్సి వచ్చింది. నేనే వెళ్తానన్నాను. వీధి మొదట్లో బస్సు దిగేసరికి ఇంకా మసక వెలుగే. పని ముగించుకుని తలెత్తి చూస్తే, వీధి మొత్తం చప్పుడు లేదు. బకెట్టు కింద పెట్టిన చప్పుడు లేదు. ఎవరినీ ఎవరూ కేకేయడం లేదు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. గోడల మీద బకెట్లు బోర్లించి ఉన్నాయి. వెలుతురు పెరుగుతోంది, అయినా ఒక్క తలుపూ తెరుచుకోవడం లేదు. అప్పుడు అర్థమైంది. ఆ వీధిలో ఆడవాళ్ళందరూ నిద్రపోతున్నారు.

ఒక ఇంటి అరుగు మీద కూలబడిపోయాను. ఏడుపు తన్నుకొచ్చింది. సంతోషం అందామంటే కాదు. పస్తున్న మనిషి, తను వండిన విందు ఇంకెవరో తింటుంటే కిటికీలోంచి చూసినట్టుంది. తినాలి, వాళ్ళు తినాలనే వండాను. కానీ నా ఆకలి ఎక్కడికి పోతుంది?

ఎండ బాగా ఎక్కాక నా వెనకున్న తలుపు తెరుచుకుంది. మూడు డ్రమ్ముల పెద్దావిడే. జుట్టు రేగి ఉంది, చెంప మీద దిండు ముడతల గుర్తులు. నన్ను చూసి కంగారుపడింది. "ఏంటమ్మా, నీళ్ళు ఆగిపోయాయా?"

"లేదమ్మా, వస్తున్నాయి."

"హమ్మయ్య! మరి ఏడుస్తావేం?"

కళ్ళు తుడుచుకుని పైకి చూశాను. మేడ మీద కిటికీలు వేసి ఉన్నాయి. "పైన ఎవరుంటారు?"

"ఎవరూ లేరు. రెండు గదులు, వంటిల్లు. అద్దెకివ్వాలి. ఎవరికి, నీకేనా? ఎంతమంది ఉంటారు?"

"నేనూ, మా అమ్మాయీ" అన్నాను. ఆ మాట అప్పటిదాకా నాలో ఎక్కడుందో నాకే తెలియదు. "మా అత్తగారు కూడా వస్తారు."

ఆవిడ విచిత్రంగా చూసింది. "అత్తగారా? మరి మీ ఆయన్ని అడగవా?"

"అడగను. చెప్తాను" అని, తాళంచెవి కోసం చెయ్యి చాచాను.